నెల్లూరు, ఒంగోలు యూనివర్సిటీలు మన కళాకారుల్ని లోపలికి పిలవాలంటే ఏం చెయ్యాలి?

శ్రుతిపెట్టె (కందుకూరు) – ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా మనసులో నలుగుతున్న సంగతి ఒకటి మీ ముందు పెడుతున్నాను. కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి.

మా నాన్న హార్మోనిస్టు. నలభై ఏళ్ళుగా పద్యనాటకాలకు వాయిస్తున్నాడు. కందుకూరు, కొండపి, కనిగిరి, పామూరు వైపు తిరునాళ్ళలో నాటకం అంటే రాత్రి పదింటికి పెట్టె ముందు కూర్చున్న మనిషి తెల్లారుజామున లేస్తాడు. నటుడు మొదటి పద్యం ఎత్తుకోగానే, ఆ రోజు వాడి గొంతు ఎంతవరకు పలుకుతుందో ఈయనకు తెలిసిపోతుంది. నాలుగున్నర శ్రుతిలో మొదలుపెట్టినవాడికి గొంతు పట్టేస్తుంటే, మధ్యలో వచనం నడిచేటప్పుడు చప్పుడు కాకుండా నాలుగుకు దించేస్తాడు. ముందు వరసలో కూర్చున్న వాళ్ళు కూడా కనిపెట్టలేరు. నటుడు మాత్రం తెర వెనక్కి వచ్చి చెయ్యి పట్టుకుంటాడు. ఈ విద్య ఏ పుస్తకంలోనూ లేదు. మా నాన్న వేళ్ళలో ఉంది.

రెండేళ్ళ కిందట ఒక యూనివర్సిటీ వాళ్ళు (మన జిల్లాలది కాదు, పేరెందుకు) సాంస్కృతికోత్సవానికి పిలిచారు. పది నిమిషాలు వాయించమన్నారు. శాలువా కప్పారు, జ్ఞాపిక ఇచ్చారు. రానూపోనూ బస్సు చార్జీలు మావే. దానికి నాకు బాధ లేదు. వేదిక దిగాక ఎమ్మెస్సీ చదివే అమ్మాయి ఒకతె వచ్చి, "తాతా, ఇది నేర్చుకోవాలంటే ఎక్కడికి పోవాలి?" అని అడిగింది. నాన్న దగ్గర జవాబు లేదు. "మా ఇంటికి రామ్మా" అన్నాడు. హాస్టలు వదిలి ఆ పిల్ల మా ఊరు ఎట్టా వస్తుంది? ఇంటికొచ్చాక రెండు రోజులు ఆయన నోట అదే మాట. శాలువా సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు.

మన రెండు జిల్లాలకూ సొంత యూనివర్సిటీలు ఉన్నాయి. 2008లో పెట్టిన విక్రమ సింహపురి కాకుటూరులో ఉంది. 2022లో ఒంగోలుకు ఆంధ్రకేసరి వచ్చింది. ఆ ఆంధ్రకేసరి ప్రకాశం పంతులు గారే కుర్రతనంలో ఒంగోలులో ఆడవేషాలు కట్టిన మనిషి. హనుమంతరావు నాయుడు గారనే మేష్టారు నాటకాలూ ఆడించాడు, చదువూ చెప్పించాడు. అంటే మన ఊళ్ళో చదువూ నాటకం ఒకే గురువు దగ్గర నడిచిన రోజులున్నాయి.

నేను అడిగేది ఒకటే. మా నాన్నలాంటి వాళ్ళు యూనివర్సిటీ గేటు లోపలికి అతిథిగా కాకుండా పాఠం చెప్పడానికి పోవాలంటే దారి ఉందా?

సింహపురి సీను (నెల్లూరు) – ఆదివారం రాత్రి 9:58

అన్నా, చదివి కళ్ళ నీళ్ళు తిరిగినాయి. నాన్నగారికి నా నమస్కారం చెప్పు.

పెన్నాగట్టు (నెల్లూరు) – ఆదివారం రాత్రి 11:15

నేను డిగ్రీ కాలేజీలో కామర్స్ చెబుతాను. దారి ఉంది తమ్ముడూ. కాయితం మీద బ్రహ్మాండంగా ఉంది. నాకు తెలిసినంత చెబుతాను.

2022లో యూజీసీ (యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ) 'ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్' అనే పద్ధతి తెచ్చింది. పీహెచ్‌డీ అక్కర్లేదు, వ్యాసాలు అచ్చయి ఉండనక్కర్లేదు. తన రంగంలో కనీసం 15 ఏళ్ళ అనుభవం, పేరు ఉండాలి. లలితకళలు, సాహిత్యం కూడా అందులో ఉన్నాయి. మంజూరైన పోస్టుల్లో 10 శాతం మించకూడదు, ఒక మనిషి మొత్తం మీద నాలుగేళ్ళకు మించి ఉండకూడదు. అయితే ఇది పెద్ద హోదాల్లో పనిచేసి వచ్చిన వాళ్ళను దృష్టిలో పెట్టుకుని రాసిందని చదివితే తెలుస్తుంది. కంపెనీల పెద్దలు వస్తారు, హార్మోనిస్టు దాకా రాదు.

మనకు పనికొచ్చేది రెండోది. 2023లో కళాకారుల్ని, చేతిపనుల వాళ్ళను విద్యాసంస్థల్లో ఉంచుకుని చెప్పించుకోవడానికి యూజీసీ విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది. 'కళాగురువు' అన్న మాటే వాడారు. గురు, పరమ గురు అంటూ అనుభవాన్ని బట్టి మెట్లు పెట్టారు. సర్టిఫికెట్ కాకుండా పనితనం చూసి తీసుకోమని దాని సారాంశం.

మరి ఎందుకు జరగట్లేదంటే, ఆ కాయితం చదివి, ఫైలు పెట్టి, గౌరవ వేతనం ఏ పద్దు కింద ఇవ్వాలో తేల్చి, సంతకం దాకా తీసుకుపోయే మనిషి ఉండాలి. మా దగ్గర సగం మంది గెస్ట్ లెక్చరర్లు. వాళ్ళకే వచ్చే ఏడాది ఉంటామో లేదో తెలియదు. ఇది సాకుగా చెప్పట్లేదు. ఎక్కడ ఆగుతోందో తెలిస్తేనే తొయ్యగలం.

కర్రగరిటె (ఉదయగిరి) – సోమవారం ఉదయం 6:20

నేను రాయొచ్చో లేదో అని రాత్రంతా ఆలోచించి రాస్తున్నాను. మాది ఉదయగిరి. మా అమ్మ, మా పిన్నమ్మ, మా అక్క ముగ్గురూ కొయ్య గరిటెలు, స్పూన్లు, ఫోర్కులు, దువ్వెనలు చేస్తారు. నేను బీకాం రెండో ఏడాది.

మా పనికి భౌగోళిక గుర్తింపు (ఈ వస్తువు ఈ ఊరిదే అని చట్టం ఇచ్చే జీఐ ట్యాగు) ఉందని, లేపాక్షి షాపుల్లో పెడతారని అందరికీ తెలుసు. పని ఎట్టా జరుగుద్దో చాలామందికి తెలియదు. నర్ది, బిక్కి లాంటి కర్రలు కొండ మీద నుంచి వస్తాయి. కర్ర పచ్చిగా ఉన్నప్పుడే మగవాళ్ళు బాడిశతో రూపం చెక్కాలి, ఎండితే మొండికేస్తుంది. తర్వాత ఆడవాళ్ళ పని. ఆకురాయితో రుద్ది రుద్ది అంచు సన్నం చెయ్యాలి. కాడ మీద జాలీ పని అయితే సన్న ఉలితో ఒక్కో కంత తవ్వాలి. చివరి కంతలో కాడ విరిగితే పొద్దుటి నుంచి చేసినదంతా పొయ్యిలోకి. అమ్మ బొటనవేలి మీద ఆకురాయి తగిలి తగిలి గట్టిపడిపోయిన చోట నేను చిన్నప్పుడు గోరుతో గీకి ఆడుకునేదాన్ని. ఇప్పుడు నా వేలి మీద కూడా మొదలైంది.

మా ఇంటికి కాలేజీ పిల్లలు చాలాసార్లు వచ్చారు. ఫారం తెస్తారు. ఇంట్లో ఎంతమంది, నెల ఆదాయం ఎంత, మరుగుదొడ్డి ఉందా. అమ్మ పని ఆపి అన్నిటికీ చెబుతుంది. ఫొటో తీసుకుని పోతారు. ఒక్కరు కూడా ఉలి చేతిలోకి తీసుకోలేదు. మళ్ళీ వచ్చిన వాళ్ళు ఒక్కరూ లేరు. నేను కూడా కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుకి వేరే ఊరు పోయి అట్టాంటి ఫారమే నింపాను, అందుకే వాళ్ళని తప్పు పట్టలేను. మాకు ఇచ్చిందే అది.

పెన్నాగట్టు – సోమవారం ఉదయం 7:05

అమ్మా, నువ్వు రాయకపోతే ఎవరు రాస్తారు? ఆ ప్రాజెక్టు మన రాష్ట్రంలో డిగ్రీ పిల్లలందరూ చెయ్యాల్సిందే, 180 గంటలు. 180 గంటలంటే ఒక పిల్ల ఉలి పట్టడం, చెక్కలో పొర ఎటు పోతుందో చూడటం నేర్చుకోవడానికి సరిపోయే కాలం. దాన్ని మేం ఫారాల్లో పోస్తున్నాం. నేను గైడుగా సంతకం పెట్టిన రిపోర్టులు ఎన్నో ఉన్నాయి. ఈ ఏడాది నా పిల్లల చేత అట్టా చేయించను.

పడుగూపేకా (వెంకటగిరి, ప్రస్తుతం హైదరాబాద్) – సోమవారం మధ్యాహ్నం 1:30

మాది వెంకటగిరి. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయాం, కానీ మా పెద్దవాళ్ళకు ఇప్పటికీ నెల్లూరే. నేను నిఫ్ట్‌లో (ఫ్యాషన్ టెక్నాలజీ చెప్పే జాతీయ సంస్థ) చదివాను.

మాకు క్రాఫ్ట్ క్లస్టర్ అని ఒక కోర్సు ఉండేది. చేతిపని ఉన్న ఊరికి పోయి, అక్కడే ఉండి, ముడిసరుకు దగ్గర నుంచి అమ్మకం దాకా రాసుకోవాలి, బొమ్మలు గియ్యాలి, వాళ్ళతో కలిసి కొత్త వస్తువు చెయ్యాలి. డిజైన్ స్కూళ్ళలో ఇది పాఠంలో భాగం. తర్వాత పనివాళ్ళను క్యాంపస్‌కు పిలిచి స్టాళ్ళు పెట్టిస్తారు. అక్కడ ఒక నేతగాడు నా తోటి పిల్లల చేత నాడె (పేక నూలును అటూ ఇటూ మోసే ముక్క) వేయించి, పేక బిగువు తప్పిన చోటల్లా వేలితో చూపించి మళ్ళీ విప్పించాడు. మూడున్నరేళ్ళలో నాకు బాగా ఒంటబట్టిన పాఠం అదే.

అయితే ఒక మాట. మేం రాసిన పుస్తకం ఇంగ్లీషులో ఉంది, లైబ్రరీలో ఉంది. దాన్ని చూపించి ఒక రూపాయి ఎక్కువ అడగడానికి గానీ, మనవడికి చూపించుకోవడానికి గానీ, ఎవరి పని గురించి రాశామో వాళ్ళ ఇంట్లో ఒక్క కాపీ లేదు. మన యూనివర్సిటీలు ఇట్టాంటిది మొదలుపెడితే మొదటి షరతు: తెలుగులో రాయాలి, మొదటి కాపీ పనివాళ్ళ ఇంట్లో పెట్టాలి.

ఇంకోటి. వెంకటగిరి జాందానీ బుటా (నేతలోనే వేసే పువ్వు) గానీ, నెల్లూరు పక్కన పాటూరులో నేసే చీరల అంచు గానీ, కొత్త డిజైను కావాలంటే ముందు గ్రాఫ్ కాగితం మీద గియ్యాలి. జాకార్డు మగ్గానికైతే దాన్ని బట్టి అట్టల్లో కంతలు కొట్టించాలి. ఆ గీసే మనిషి, అట్టలు కొట్టే మనిషి ఊళ్ళో కొద్దిమందే. మాస్టర్ వీవర్ దగ్గర డబ్బుంటే కొత్త డిజైను, లేకపోతే పాతదే మళ్ళీ మళ్ళీ. మా నాన్న ఒక అంచు గీయించుకోవడానికి చాన్నాళ్ళు డబ్బు కూడబెట్టాడు. అది మార్కెట్లోకి పోయిన కొద్ది రోజులకే మరమగ్గం మీద అచ్చం అదే దిగింది. ఆ రోజు ఆయన మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్నాడు గానీ నాడె ముట్టుకోలేదు. ఒక యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్సు పిల్లలు ఇరవై మంది కూర్చుంటే, నేతగాడు చెప్పింది చెప్పినట్టు గ్రాఫ్ మీదికి ఎక్కించి ఇవ్వలేరా? వెంకటగిరిలోనే ప్రగడ కోటయ్య గారి పేరున చేనేత టెక్నాలజీ సంస్థ ఉంది. పక్కపక్కనే ఉన్న రెండు చదువులు ఒకదాన్నొకటి పలకరించుకోవు.

విశ్రాంత మాష్టారు (కావలి) – సోమవారం సాయంత్రం 5:45

పిల్లల మాటలు చదివి సంతోషం, దిగులు రెండూ కలిగాయి.

ఇది కొత్త ఆలోచనేం కాదని గుర్తు చేస్తాను. 1910లో బందరులో కోపల్లె హనుమంతరావు గారు ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టినప్పుడు చదువుతోపాటు చేతిపనులు, చిత్రలేఖనం పాఠాల్లోనే ఉన్నాయి. బెంగాల్ నుంచి ప్రమోద కుమార చటర్జీ గారొచ్చి బొమ్మలు నేర్పారు. ఆయన దగ్గర నేర్చుకున్న అడివి బాపిరాజు గారు తర్వాత ఆ కళాశాలకే ప్రిన్సిపాల్ అయ్యారు. 1926లో పెట్టిన ఆంధ్రా యూనివర్సిటీ తెలుగు పేరు చూడండి, ఆంధ్ర విశ్వకళా పరిషత్. అక్కడ కళ అంటే సకల విద్యలు అని అర్థం చెబుతారు. అయినా ఆ యూనివర్సిటీ రిజిస్ట్రారు కె.వి. గోపాలస్వామి గారు కాలేజీల మధ్య నాటిక పోటీలు పెట్టి, ఊళ్ళ నుంచి వచ్చిన కుర్రాళ్ళను రంగస్థలం ఎక్కించారు. ఫైళ్ళు చూసుకునే రిజిస్ట్రారు పని అది! ఒక్క అధికారికి మనసుంటే ఎంత జరుగుతుందో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

చేతిపనుల మాట కూడా వచ్చింది కాబట్టి శాంతినికేతన్ సంగతి చెబుతాను. 1922లో రవీంద్రుడు పక్కనే శ్రీనికేతన్ పెట్టి చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళకు తోలుపని, నేత, కుండలపని నేర్పించాడు. తోలు సంచుల మీద బాతిక్ అద్దకం అట్లా మొదలై ఆ చుట్టుపక్కల కుటుంబాలకు బతుకుతెరువు అయింది. ఆ తోలు వస్తువులకు తర్వాత భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అంటే యూనివర్సిటీ ఊళ్ళో ఉన్న కళకు చేయూత ఇవ్వడమే కాదు, లేని పనిని పుట్టించింది కూడా. మన దగ్గర పుట్టించాల్సిన అవసరం లేదు. ఉన్నదాన్ని పోగొట్టుకోకుండా ఉంటే చాలు.

మా కావలి జవహర్ భారతి కాలేజీలో రచయిత కె.వి. రమణారెడ్డి గారు పాఠం చెప్పిన రోజులు నాకు తెలుసు. కాలేజీలో రచయిత ఉంటే ఊరంతా చదువుతుంది.

గుండ్లకమ్మ గాలి (ఒంగోలు) – సోమవారం రాత్రి 8:10

పెద్దలందరి మీద గౌరవంతోనే వేరే మాట చెబుతాను, ఏమనుకోవద్దు.

నేను ఒంగోలులో డిగ్రీ, పీజీ చేశాను. మా నాన్న పొగాకు బేరన్ దగ్గర కూలి. మా ఇంట్లో నేనే మొదట చదివింది. యూనివర్సిటీకి నేను పోయింది ఉద్యోగం కోసం. లైబ్రరీలో పోటీ పరీక్షల పుస్తకాలు పాతవి ఉంటే కొత్తవి కొనమని అడిగి అడిగి అలిసిపోయాం. ఆ డబ్బు నాటకాలకు పెడతామంటే నాలాంటివాడు ఏమనుకోవాలి? కళ గొప్పదే. కానీ కళ నేర్చుకున్న పిల్లకు రేపు కూడు పెట్టేదెవరు? శ్రుతిపెట్టె అన్నా, మీరు కూడా నాన్నగారి పని నేర్చుకోలేదు కదా. తప్పుగా అడిగితే క్షమించండి.

శ్రుతిపెట్టె – సోమవారం రాత్రి 9:30

తప్పేం కాదు తమ్ముడూ. అడగాల్సిన మాటే. నేను నేర్చుకోలేదు. నాకు పదమూడేళ్ళప్పుడు కూర్చోబెట్టాడు. మూడు నెలలు సరళీ స్వరాలు వాయించాను. ఆ ఏడు వానలు లేక తిరునాళ్ళు సరిగ్గా జరగలేదు, జరిగిన చోట కూడా నాటకం తీసేసి రికార్డింగ్ డ్యాన్సులు పెట్టారు. ఇంట్లో బియ్యం అప్పు తెచ్చుకున్నాం. నాన్నే పెట్టె మూసి, పో, చదువుకో అన్నాడు. ఇప్పుడు కరెంటు ఆఫీసులో ఉద్యోగం. ఆ రోజు యూనివర్సిటీయో, కాలేజీయో ఆయనకు నెలకు నాలుగు క్లాసులు ఇచ్చి ఉంటే ఆయన పెట్టె మూసేవాడు కాదేమో. నేను అడుగుతున్నది అందుకే.

కలిగిరి అక్క (కలిగిరి) – సోమవారం రాత్రి 10:20

గుండ్లకమ్మ తమ్ముడికి నా అనుభవం చెబుతాను. 1991లో నేను ఇంటర్ అయ్యి ఇంట్లో ఉన్నా. నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడుస్తా ఉండాది. రాత్రుల్లో పెద్దవాళ్ళకు చదువు చెప్పే వాలంటీరుని. చదువుకు రమ్మంటే ఎవరొస్తారు? కళాజాతా వచ్చింది. డప్పు కొట్టి, పాట పాడి, వీధిలో నాటిక వేసినారు. అందులో కాలేజీ పిల్లలు, లెక్చరర్లు, టీచర్లు, పల్లెలో పాటగాళ్ళు అందరూ ఉన్నారు. తాగుబోతు మొగుడి కథ వచ్చేసరికి ముందు కూర్చున్న ఆడవాళ్ళలో ఎవరో బిగ్గరగా ఏడిస్తే ఆట కాసేపు ఆగిపోయింది.

తర్వాత మా మండలంలోనే దూబగుంటలో ఏం జరిగిందో అందరికీ తెలుసు. రోశమ్మ వాళ్ళు సారా కొట్టు మూయించినారు. అది జిల్లా అంతా పాకి, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా ఆగిపోయింది. చదువు, పాట, నాటిక ఒకచోట కలిస్తే అంత జరిగింది. కళ కూడు పెడుతుందా అని అడిగితే, మా ఊళ్ళో కొన్నేళ్ళు పొయ్యి వెలిగించింది తమ్ముడూ. మొగోళ్ళ కూలి డబ్బు ఇంటికి వచ్చింది.

గుండ్లకమ్మ గాలి – సోమవారం రాత్రి 10:41

అక్కా, ఇది నాకు తెలియదు. మా పుస్తకాల్లో రెండు వాక్యాలు చదివాను గానీ నాటిక సంగతి లేదు. ఆలోచిస్తాను. లైబ్రరీ పుస్తకాల మాట మాత్రం వదలను.

కర్రగరిటె – సోమవారం రాత్రి 10:50

పుస్తకాల మాట నాదీ కూడా అన్నా. రెండూ అడుగుదాం.

మూగనటి (నెల్లూరు) – మంగళవారం ఉదయం 8:15

నేను పీజీ చదివేటప్పుడు యువజనోత్సవానికి మైమ్ (మాటల్లేని అభినయం) చేశాను. తెలియని వాళ్ళ కోసం: యూనివర్సిటీల మధ్య ఏటా జరుగుతాయి, ముందు జోనల్, తర్వాత జాతీయ స్థాయి. సంగీతం, నృత్యం, నాటిక, స్కిట్, మిమిక్రీ, అక్కడికక్కడే బొమ్మ వెయ్యడం, మట్టిబొమ్మ, ముగ్గు ఇట్టాంటివన్నీ ఉంటాయి. నాకు తెలిసి సైన్సు, కామర్సు పిల్లలకు యూనివర్సిటీలో కళతో ఉండే సంబంధం దాదాపు ఇదొక్కటే.

మాకు సర్క్యులర్ వచ్చింది పోటీకి పన్నెండు రోజుల ముందు. సాధన చెయ్యడానికి గది లేదు. క్యాంటీన్ వెనక సిమెంటు గచ్చు మీద, వంటపాత్రలు కడిగే ఆవిడ మమ్మల్ని చూసి నవ్వుతుంటే చేశాం. ఆవిడే మూడో రోజు, "ఆ తాడు లాగేది నిజంగా లాగినట్టు లేదమ్మా, నడుం నుంచి లాగాలి" అంది. బావిలో నీళ్ళు తోడిన మనిషి. లేని తాడును ఆవిడ అక్కడ నిలబడి లాగి చూపించింది. మాకు దొరికిన ఒకే ఒక గురువు. జోనల్‌లో మాకు బహుమతి రాలేదు గానీ న్యాయనిర్ణేత తాడు ముక్కను మెచ్చుకున్నారు.

యూనివర్సిటీ పెద్ద భవనాలు కట్టనక్కర్లేదు. సాయంత్రం ఐదు తర్వాత ఒక్క ఖాళీ గదికి తాళం చెవి ఇస్తే చాలు. ఏడాది పొడుగునా.

పలక (మార్కాపురం) – మంగళవారం ఉదయం 9:00

పడమటి వైపు మా గోడు కూడా వినండి. మార్కాపురం పలకల మీద రాష్ట్రంలో సగం మంది అక్షరాలు దిద్దారు. నోటు పుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చి మా పలకల షెడ్లు మూతబడ్డాయి. రాయి ఉంది, కోసే చెయ్యి ఉంది. కొత్తగా ఏ వస్తువు చెయ్యాలో చెప్పే మనిషి లేడు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు దిమ్మలుగా ఓడ ఎక్కి పోతుంది, తునకలు గుట్టలుగా పడి ఉంటాయి. ఆంధ్రకేసరిలో శిల్పం మీద ఒక చిన్న కోర్సు పెడితే రాయికి కొదవ లేదు. గ్రానైటు ఉలికి లొంగడం కష్టమని నాకూ తెలుసు. మిషను ఉంది కదా ఇప్పుడు.

పెన్నాగట్టు – మంగళవారం మధ్యాహ్నం 2:40

డబ్బు ఎక్కువ పట్టని పని ఒకటి చెబుతాను, ముఖ్యంగా ఉదయగిరి చెల్లెమ్మకు.

భౌగోళిక గుర్తింపు ఒక సొసైటీ పేరునో, సంస్థ పేరునో ఉంటుంది. మీ అమ్మగారు ఆ పేరు వాడుకుని, ఎవరైనా నకిలీ అమ్మితే చట్టం ప్రకారం అడగాలంటే, ఆమె 'అధీకృత వినియోగదారు'గా విడిగా నమోదు కావాలి. చెన్నైలోని రిజిస్ట్రీకి దరఖాస్తు పెట్టాలి. రుసుము 500 ఉండేది, 2020లో 10 రూపాయలు చేశారు. పది రూపాయలు! ఆగిపోయేది రుసుం దగ్గర కాదు. ఫారం, పని చేస్తున్నట్టు రుజువు, సొసైటీ ఉత్తరం, ఇవి కూర్చడం దగ్గర. నా బీకాం పిల్లలకు ఇది వారం పని. ఫారాలు నింపడం వాళ్ళకు బాగా వచ్చని మనం ముందే అనుకున్నాం కదా, ఈసారి మీకు పనికొచ్చే ఫారం నింపుతారు. వెంకటగిరి చీరకూ ఇదే దారి.

పది మంది ఇళ్ళకు ఒక్కో పిల్లను ఇస్తే, నమోదుతోపాటు ధర లెక్క కూడా నేర్పొచ్చు. ఒక గరిటెకు మీ అమ్మ పెట్టిన గంటలెన్ని, కర్ర ఖర్చెంత, షాపులో ఎంతకు పోతుంది. ఇది ఎప్పుడైనా వేశారా అమ్మా?

కర్రగరిటె – మంగళవారం సాయంత్రం 6:30

ఎప్పుడూ వేయలేదు సార్. ఇప్పుడే అమ్మను కూర్చోబెట్టి వేశాను. జాలీ కాడ గరిటెకు, నాన్న చెక్కిన టైము కాకుండా, అమ్మవే ఐదు గంటలు. లెక్క చెప్పాక అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, నాకు ముందే తెలుసు, అందుకే లెక్క వెయ్యలేదు అంది.

సార్, ఆ పది రూపాయల దరఖాస్తు మాకు కావాలి. మా వీధిలో ఇంకా చాలా ఇళ్ళు ఉన్నాయి.

పడుగూపేకా – మంగళవారం రాత్రి 7:10

చెల్లీ, వచ్చే నెల సెలవు పెట్టి వస్తాను. మీ ఇంట్లో ఉంటాను. ఒక్కో నమూనా గీసి పేర్లతో సహా తెలుగులో రాద్దాం. ఏ జాలీని మీ వాళ్ళు ఏమని పిలుస్తారో నాకు అదే కావాలి. కాపీ మీ ఇంట్లోనే ఉంటుంది.

విశ్రాంత మాష్టారు – మంగళవారం రాత్రి 7:55

ఒక చిన్న సూచన. తెలుగుకు 2008లో ప్రాచీన భాష హోదా వచ్చింది. మైసూరులో ఉన్న అధ్యయన కేంద్రం తర్వాత మన నెల్లూరుకే వచ్చింది. తిక్కన నడిచిన నేల మీద ఆ కేంద్రం ఉంటే, పద్యం పాడే మనిషి కూడా ఆ పరిశోధనలో భాగం కావాలి కదా. గ్రంథంలో పద్యం ఒకటి. శ్రుతిపెట్టె నాయనగారు నలభై ఏళ్ళు విన్న పద్యం ఇంకొకటి. ఏ రాగంలో ఎత్తుకుంటే జనం మళ్ళీ పాడమని కేకలేసేవాళ్ళో ఆయనకు తెలుసు. అది ఎవరైనా రికార్డు చెయ్యాలి, ఆయన ఉండగానే.

మన గాయకుడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారి నాన్న సాంబమూర్తి గారు నెల్లూరులో హరికథకులు. ఆయన పేరు కొడుకు వల్ల మిగిలింది. కొడుకులు పాటగాళ్ళు కాని హరికథకులు ఎంతమందో మన జిల్లాలో. వాళ్ళ గొంతులు ఎక్కడా లేవు.

మూగనటి – మంగళవారం రాత్రి 8:20

మాష్టారూ, రికార్డింగ్ నేను చేస్తాను. ఇప్పుడు వీడియో ఎడిటింగే నా ఉద్యోగం. యూనివర్సిటీలకు సొంత కమ్యూనిటీ రేడియో పెట్టుకునే వీలు ఉంది, అన్నా యూనివర్సిటీ వాళ్ళు 2004లోనే పెట్టారు. అది వచ్చేదాకా ఆగకుండా ముందు గొంతులు పోగు చేద్దాం.

పెన్నాగట్టు – గురువారం సాయంత్రం 4:30

రెండు రోజులు కనపడలేదు, కారణం ఉంది. మా ప్రిన్సిపాల్ గారి దగ్గర కూర్చున్నాను. మొదట ఒప్పుకోలేదు. న్యాక్‌లో (కాలేజీలకు గ్రేడు ఇచ్చే సంస్థ) ఎక్స్‌టెన్షన్‌కు, అంటే ఊళ్ళతో కలిసి చేసే పనికి, మార్కులున్నాయని చూపించాను. 2023 మార్గదర్శకాలు ముద్రించి ఇచ్చాను. చివరికి ఒప్పుకున్నది ఇది: 30 గంటల సర్టిఫికెట్ కోర్సులు రెండు, శనివారాలు. ఒకటి పద్యనాటక సంగీతం, ఒకటి కొయ్యపని. గెస్ట్ లెక్చరర్‌కు గంటకు ఎంత ఇస్తామో అంతే ఇస్తాం. ప్రయాణ ఖర్చు విడిగా. శాలువా లేదు. హాజరు పట్టీలో ఉపాధ్యాయుల సంతకం దగ్గర వాళ్ళ సంతకమే ఉంటుంది.

యూనివర్సిటీ దాకా పోవాలంటే ముందు ఒక కాలేజీలో నడిచి చూపించాలి. బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో (సిలబస్ తేల్చే కమిటీ) నాకు తెలిసిన వాళ్ళు ఇద్దరున్నారు. క్రెడిట్లు అడగడం ఆ తర్వాత.

గుండ్లకమ్మ గాలి – గురువారం సాయంత్రం 5:02

సార్, మీ కాలేజీ పిల్లలు కాకపోయినా రావచ్చా? నాకు శనివారం కోచింగ్ మధ్యాహ్నం రెండుకు అయిపోతుంది. ఒంగోలు నుంచి రైలు ఉంది.

పెన్నాగట్టు – గురువారం సాయంత్రం 5:10

రావచ్చు తమ్ముడూ. నాలుగున్నరకు పెట్టిస్తాను.

శ్రుతిపెట్టె – గురువారం రాత్రి 9:15

నాన్నకు చదివి వినిపించాను. సంతకం సంగతి రెండుసార్లు చదివించుకున్నాడు. ఆయన చెప్పమన్నవి రాస్తున్నాను. కుర్చీలు వద్దు, నేల మీద జంపఖానా పరవాలి. ఫ్యాను ఆపాలి, గాలి చప్పుడులో శ్రుతి తేలదు. మొదటి రెండు శనివారాలు పద్యం అడగొద్దు, శ్రుతి పట్టుకుని 'సా' నిలబెట్టడం ఒక్కటే. విసుగొచ్చి పోయేవాళ్ళు పోతారు, మిగిలినవాళ్ళకు చెబుతా అన్నాడు. ఆ ఎమ్మెస్సీ అమ్మాయి పేరు అడిగి పెట్టుకోలేదని ఇప్పటికీ అంటున్నాడు.

పొద్దున పెట్టె విప్పి, బెల్లోస్‌కి పట్టిన దుమ్ము దులిపి, గాలి పోతున్న చోట కొత్త తోలు అతికించాడు. చాన్నాళ్ళకు ఇంట్లో పెట్టె మోగింది.

కర్రగరిటె – గురువారం రాత్రి 9:40

సార్, అమ్మ ఒకటి అడగమంది. కర్ర పచ్చిగా ఉండాలి కదా, శుక్రవారం కొట్టించి తడిగుడ్డ చుట్టి తేవాలి. ఎంతమంది పిల్లలొస్తారో బుధవారానికల్లా చెబితే అన్ని ముక్కలు తెస్తుందంట. ఆకురాళ్ళు మా ఇంట్లో ఏడే ఉన్నాయి.

పెన్నాగట్టు – గురువారం రాత్రి 9:52

ఇప్పటికి పద్నాలుగు మంది పేర్లిచ్చారమ్మా. ఆకురాళ్ళు ఇంకో ఏడు నేను స్టోన్‌హౌస్‌పేటలో కొంటాను. ఏ సైజు కావాలో అమ్మను అడిగి రాయి.